ఏ ఫోర్ బై ఫోర్ కొనాలి, ముందు ఏం బిగించాలి: థార్, జిమ్నీ, గూర్ఖా కొనేవారికి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: హైదరాబాద్‌లో ఉంటారు, ఇంట్లో నలుగురు. వారాంతాల్లో వికారాబాద్ అనంతగిరి గుట్టలు, సెలవుల్లో మారేడుమిల్లి, పాడేరు వైపు ఏజెన్సీ దారులు. మహీంద్రా థార్, మారుతీ జిమ్నీ, ఫోర్స్ గూర్ఖాల్లో ఏది తీసుకోవాలి? బండి చేతికి రాగానే రెండంగుళాల లిఫ్ట్ (సస్పెన్షన్ పెంచి బండిని ఎత్తు చేయడం), 33 అంగుళాల మడ్ టైర్లు (బురద కోసం చేసినవి), లైట్‌బార్, స్నార్కెల్ (ఇంజన్‌కు పైనుంచి గాలి తెచ్చే గొట్టం), వించ్ (తాడు చుట్టి బండిని లాగే మోటారు) బిగిద్దామనుకుంటున్నారు, ఆ వరుస సరైనదేనా?

వరుస తలకిందులుగా ఉంది. మన దారుల్లో ఫోర్ బై ఫోర్ (నాలుగు చక్రాలకూ ఇంజన్ శక్తి అందే బండి) దిగబడడానికి ఎత్తు చాలకపోవడం అరుదైన కారణం. టైర్లలో రోడ్డుకు పట్టే గాలినే ఉంచి బురదలో దిగడం, ముందు నడిచి చూడకపోవడం, యాక్సిలరేటర్ మీద కాలు ఆగకపోవడం, వీటి వల్లే ఎక్కువ బండ్లు ఆగిపోతాయి. ఆగిన బండికి తాడు తగిలించడానికి సరైన కొక్కెం లేకపోతే చిన్న ఇబ్బంది కాస్తా ప్రమాదమవుతుంది. కాబట్టి మొదటి డబ్బు గాలి కొలిచే గేజి, కంప్రెసర్, లాగే పాయింట్లు, తాడు మీద పెట్టండి. తర్వాత టైర్లు, ఆ తర్వాత బండి కింద రక్షణ ప్లేట్లు. లిఫ్ట్ చివర్లో, అదీ అవసరమైతేనే.

ముందు బండి సంగతి. "ఎస్‌యూవీ" అన్న మాట పక్కన పెట్టి, 4ఎల్ ఉందా లేదా అన్నది చూడండి. 4ఎల్ అంటే ట్రాన్స్‌ఫర్ కేసులో (ఇంజన్ శక్తిని ముందు, వెనక చక్రాలకు పంచే గేరు పెట్టెలో) ఉండే రెండో, తక్కువ గేరు. మామూలు గేరులో నాలుగు చక్రాలూ నడిస్తే 4హెచ్, వెనక రెండే నడిస్తే 2హెచ్. దాని విలువ లెక్కేస్తే తెలుస్తుంది. మొదటి గేరు నిష్పత్తి 4, యాక్సిల్‌ది 4 అనుకుంటే మొత్తం 16. 4ఎల్ నిష్పత్తి 2.5 అయితే మొత్తం 40 అవుతుంది. అంటే ఇంజన్ అదే వేగంతో తిరుగుతున్నా బండి రెండున్నర రెట్లు నెమ్మదిగా, అంత ఎక్కువ బలంతో కదులుతుంది. దిగుడులో బ్రేకు తొక్కకుండా ఇంజనే పట్టి ఉంచుతుంది, రాళ్ల మీద క్లచ్ అరగదీయకుండా ఎక్కవచ్చు. 4ఎల్ లేని ఆల్ వీల్ డ్రైవ్ బండ్లు తడి రోడ్డుకూ కంకర దారికీ బాగుంటాయి గానీ, నిటారు గుట్ట మీద క్లచ్చో గేర్‌బాక్సో వేడెక్కి చేతులెత్తేస్తాయి.

ఇక్కడ చాలామంది దెబ్బతినే చోటు ఒకటుంది. 2023 నుంచి మూడు తలుపుల థార్ వెనక చక్రాల డ్రైవ్‌తో కూడా వస్తోంది. ఐదు తలుపుల థార్ అయిన రాక్స్‌లో ఫోర్ బై ఫోర్ డీజిల్‌కే ఉంది, పెట్రోల్‌కు లేదు. స్కార్పియో-ఎన్‌లోనూ అంతే, డీజిల్‌లోనే. పేరు చూసి బుక్ చేయకండి, వేరియంట్ కాగితంలో డ్రైవ్ రకం ఏమని రాశారో చదివి సంతకం పెట్టండి. రెండు చక్రాల థార్‌ను తర్వాత ఫోర్ బై ఫోర్‌గా మార్చడం డబ్బు పరంగానూ చట్టం పరంగానూ కుదిరే పని కాదు.

4హెచ్ వేసినంత మాత్రాన నాలుగు చక్రాలూ కలిసి తోస్తాయనుకోవద్దు. ముందు యాక్సిల్‌కూ వెనక యాక్సిల్‌కూ రెండిటికీ శక్తి అందుతుంది, నిజమే. కానీ ప్రతి యాక్సిల్ మధ్యలో ఒక డిఫరెన్షియల్ (మలుపులో రెండు పక్కల చక్రాలూ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల పెట్టె) ఉంటుంది. సాదా డిఫరెన్షియల్ రెండు పక్కలకూ ఒకే టార్క్ (తిప్పే బలం) ఇస్తుంది, అదీ తక్కువ పట్టు ఉన్న చక్రం భరించగలిగినంతే. ముందు ఒక చక్రం, వెనక దానికి ఎదురు మూల చక్రం గాలిలో లేస్తే ఆ రెండూ ఊరికే తిరుగుతాయి, నేల మీదున్న రెండూ కదలవు. గుంతలు ఎడమకూ కుడికీ మారిమారి వచ్చే దారిలో ఇదే జరుగుతుంది.

దీనికి మూడు రకాల మందులున్నాయి. జిమ్నీలో ఉన్నది బ్రేకులతో పనిచేసే పద్ధతి: ఊరికే తిరిగే చక్రాన్ని కంప్యూటర్ బ్రేకు వేసి ఆపితే శక్తి అవతలి చక్రానికి పోతుంది. ఇది పనిచేయాలంటే యాక్సిలరేటర్ నిలకడగా నొక్కి రెండు మూడు సెకన్లు ఆగాలి. చక్రం తిరగగానే కాలు తీసేసేవాళ్లు ఆ వ్యవస్థకు పనిచేసే సమయమే ఇవ్వరు. థార్ కొన్ని వేరియంట్లలో వెనక యాక్సిల్‌కు మెకానికల్ లాకింగ్ డిఫరెన్షియల్ వస్తుంది. రెండు పక్కల చక్రాల వేగంలో తేడా ఒక హద్దు దాటగానే తనంతట తానే పట్టుకుంటుంది. పట్టుకునేటప్పుడు కింద నుంచి 'టక్'మని చప్పుడు వస్తుంది, కంగారు పడొద్దు. మూడోది మీట నొక్కితే లేదా లాగితే పూర్తిగా బిగిసే లాక్. గూర్ఖాలో అది ముందూ వెనకా రెండిటికీ కంపెనీ నుంచే వస్తుంది. మన దగ్గర దొరికే కొత్త బండ్లలో ఇది చాలా అరుదు. ముందు యాక్సిల్ లాక్ వేసినప్పుడు స్టీరింగు తిప్పడం చాలా కష్టం, బండి నేరుగానే పోవాలని చూస్తుంది. అందుకే మొదట వెనక యాక్సిల్ లాక్ వేయండి, చాలకపోతేనే ముందు యాక్సిల్‌ది. అడ్డంకి దాటగానే రెండూ తీసేయాలి.

ఒక హెచ్చరిక: ఈ మూడు బండ్లలోనూ ఫోర్ బై ఫోర్ 'పార్ట్ టైమ్' రకం, ముందు, వెనక యాక్సిళ్లకు మధ్యలో డిఫరెన్షియల్ లేదు. పొడి తారు రోడ్డు మీద 4హెచ్‌లో మలుపు తిప్పితే ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ తిరగాల్సిన దూరంలో తేడా ఎక్కడికీ పోలేక గేర్లలో బిగుసుకుంటుంది. స్టీరింగు బరువెక్కుతుంది, బండి కుదుపులతో పోతుంది, లివర్ 2హెచ్‌కి రాదు. అలా బిగిస్తే కొన్ని మీటర్లు నేరుగా వెనక్కి నడిపితే వదులవుతుంది. మట్టి, కంకర, బురద, ఇసుక, ఇవే 4హెచ్‌కు చోట్లు.

ఇక మీ నలుగురికీ ఏ బండి? మూడు తలుపుల థార్ గుట్టల మీద ఈ వరుసలో ముందుంటుంది: గ్రౌండ్ క్లియరెన్స్ (నేల నుంచి బండి కింది భాగం ఎత్తు) 226 మి.మీ., వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) 2,450 మి.మీ., మధ్య పొట్ట తగలకుండా దాటగల కోణం 27 డిగ్రీలు. కానీ వెనక సీట్లోకి పెద్దవాళ్లు ఎక్కడం కష్టం, నలుగురు కూర్చుంటే సామాను పెట్టే చోటు మిగలదు. రాక్స్ వీల్‌బేస్ 2,850 మి.మీ., ఆ మధ్య కోణం 23.9 డిగ్రీలకు పడిపోతుంది. చెరువు కట్ట లాంటి పదునైన మిట్ట ఎక్కి దిగేటప్పుడు పొట్ట తగిలేది ఇక్కడే. జిమ్నీ ఐదు తలుపులది 210 మి.మీ. క్లియరెన్స్, 2,590 మి.మీ. వీల్‌బేస్, మధ్య కోణం 24 డిగ్రీలు. చూశారా, పొడవైన రాక్స్‌కూ పొట్టి జిమ్నీకీ ఈ కోణం దాదాపు ఒకటే. జిమ్నీ టైరు చిన్నది కాబట్టి పొట్ట నేలకు దగ్గరగా ఉంటుంది.

అయినా ఏజెన్సీ దారుల మాటకొస్తే జిమ్నీని తీసిపారేయొద్దు. వెడల్పు 1,645 మి.మీ. మాత్రమే. థార్ 1,820, రాక్స్ 1,870. ఒక పక్క కొండ, మరో పక్క లోయ, ఎదురుగా సరుకు జీపు వచ్చే దారిలో ఆ దాదాపు 20 సెంటీమీటర్ల తేడా చాలా విలువైనది. బరువు సుమారు 1,200 కిలోలే. బురద మీద తేలిపోతుంది, దిగబడినా నలుగురు తోస్తే కదులుతుంది. రాక్స్ రెండు టన్నుల దరిదాపు, తోసే మాటే లేదు. జిమ్నీ లోపం ఇంజన్: 1.5 లీటర్ల పెట్రోల్, టార్క్ 134 ఎన్ఎం. నలుగురితో సామానుతో ఘాట్ ఎక్కేటప్పుడు తారు రోడ్డు మీదే మొరాయిస్తుంది. గుట్ట మీద 4ఎల్ ఆ కొరత తీరుస్తుంది, హైవే మీద తీర్చదు.

గూర్ఖా మూడు తలుపులదానిలో 2,400 మి.మీ. వీల్‌బేస్, రెండు లాకులు, కంపెనీ స్నార్కెల్, 700 మి.మీ. నీటి లోతు. పని కోసం పుట్టిన బండి. ఐదు తలుపులదాని వీల్‌బేస్ 2,825 మి.మీ., ఏడుగురు కూర్చోవచ్చు. రోజూ ఆఫీసుకు తిప్పడానికి బరువుగా ఉంటుంది, సర్వీస్ కేంద్రాలు మిగతా రెండిటికీ ఉన్నన్ని లేవు. మీరు చెప్పిన వాడకానికి, కుటుంబంతో వెళ్లేవారికి నా మొదటి మాట రాక్స్ డీజిల్ ఫోర్ బై ఫోర్. ఇంట్లో మరో కారు ఉంటే, ఇది కేవలం దారుల కోసమే అయితే జిమ్నీ. గుట్టలే ప్రాణమైతే మూడు తలుపుల థార్. పాత జిప్సీ మీద మనసుంటే చాసిస్ తుప్పు, విరిగిన స్ప్రింగ్ పట్టీలు, స్టీరింగు లూజు చూడటం తెలిసిన మెకానిక్‌ను వెంట తీసుకెళ్లండి. కొత్తగా నేర్చుకునేవారికి నేనైతే దాన్ని సూచించను.

డీజిల్ తక్కువ ఆర్‌పీఎంలోనే లాగుతుంది కాబట్టి గుట్టల మీద సుఖం. బీఎస్6 డీజిల్‌లో మాత్రం సైలెన్సర్ దారిలో మసి పట్టే డీపీఎఫ్ అనే ఫిల్టర్ ఉంటుంది. గంటల తరబడి మొదటి గేరులో పాకితే అది నిండుతుంది. దాన్ని కాల్చుకోవడానికి హైవే వేగం కావాలి. ఆఫ్‌రోడ్ అయ్యాక తిరుగుదారిలో అరగంట సేపు నిలకడగా హైవే మీద నడపండి, డ్యాష్‌బోర్డు మీద దాని దీపం వెలిగితే ఇంజన్ ఆపకుండా కొనసాగించండి. వేసవిలో ఎండుగడ్డి మీద ఈ వేడి బండిని ఆపి ఉంచొద్దు, నిప్పంటుకుంటుంది. గేర్‌బాక్స్ విషయంలో, కొత్తవాళ్లకు టార్క్ కన్వర్టర్ ఆటోమేటిక్ మేలు. గుట్ట మధ్యలో ఆగి మళ్లీ కదలడం మాన్యువల్‌లో క్లచ్‌ను కాలుస్తుంది. వాసన వచ్చిందంటే అప్పటికే కొంత అరిగింది, ఓ పావుగంట ఆపి చల్లారనివ్వాలి.

ఇప్పుడు టైర్లు. మీరనుకున్న 33 అంగుళాల మడ్ టైర్ల లెక్క చూడండి. థార్ పై వేరియంట్ టైరు 255/65 ఆర్18. దాని మొత్తం వ్యాసం 789 మి.మీ., అంటే దాదాపు 31 అంగుళాలు. 33 అంగుళాలంటే 838 మి.మీ. తేడా 49 మి.మీ. అయినా యాక్సిల్ లేచేది అందులో సగమే, 25 మి.మీ. లోపు. ఆ ఒక్క అంగుళానికి ఏం ఇస్తున్నారో చూడండి: చక్రం దగ్గర లాగే బలం 6 శాతం తగ్గుతుంది, స్పీడోమీటర్ 100 చూపిస్తే నిజంగా 106లో ఉంటారు, పూర్తిగా తిప్పితే టైరు బంపర్‌కో లైనింగ్‌కో రాసుకుంటుంది, స్టెప్నీ మోసే వెనక తలుపు కీళ్ల మీద బరువు పడుతుంది, బ్రేకు దూరం పెరుగుతుంది. అన్నిటికీ మించి, తడి తారు మీద మడ్ టైర్ల పట్టు తక్కువ. మీ ప్రయాణంలో అధిక భాగం తారే కదా.

కంపెనీ సైజులోనే మంచి ఆల్ టెర్రైన్ రకం (తారుకూ మట్టికీ పనికొచ్చేది) వేసుకోండి. కంపెనీ నుంచే ఆ రకం టైర్లు వచ్చి ఉంటే అవి అరిగేదాకా ఏమీ మార్చొద్దు. కొనేటప్పుడు మూడు చూడండి: పక్క గోడ బలం (లోపల మూడు పొరలుంటే మేలు), గాళ్ల వెడల్పు, పక్కన అచ్చేసిన తయారీ తేదీ. చివరి నాలుగంకెల్లో మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం: 1425 అంటే 2025లో 14వ వారం. మన దగ్గర చెరువు గట్ల మీద, పొలం దారుల్లో సర్కారు తుమ్మ ముళ్లు టైరును చీల్చేస్తాయి. నడిమి భాగంలో దిగితే ప్లగ్ కిట్ సరిపోతుంది: ముల్లు పీకి, రంధ్రాన్ని ఆకురాయి సూదితో శుభ్రం చేసి, జిగురు పూసిన పట్టీని సగం దాకా దూర్చి సూది లాగేయడం. పక్క గోడ కోసుకుంటే ఏ ప్లగ్గూ నమ్మకం కాదు, స్టెప్నీయే గతి. కాబట్టి నాలుగు టైర్లు మార్చినప్పుడు స్టెప్నీని కూడా అదే సైజులో, అదే రకంలో మార్చండి. వేరే వ్యాసం ఉన్న చక్రంతో 4హెచ్‌లో నడిపితే ఇందాక చెప్పిన బిగుసుకోవడం మలుపులు లేని దారిలోనూ జరుగుతుంది.

గాలి తగ్గించడం ఈ ఆటలో ఖర్చు లేని అతి పెద్ద మార్పు. గాలి తగ్గితే టైరు వెడల్పవుతుందని అనుకుంటారు. వెడల్పు పెరిగేది కొంతే, నేలను తాకే భాగం పొడవు బాగా పెరుగుతుంది. బరువు ఎక్కువ చోటుకు పంచుకోవడంతో టైరు మట్టిలోకి తవ్వుకోదు. రాయి మీద టైరు దాని ఆకారానికి ఒదిగి పట్టుకుంటుంది. థార్ లాంటి బరువుకు నేను వాడమనే అంకెలు: తారు మీద డ్రైవర్ తలుపు స్తంభం మీద కంపెనీ రాసినదే. గరపనేల, కంకర దారి 24 నుంచి 26 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత). బండరాళ్లు, గుట్టలు 18 నుంచి 22. బురద 18 నుంచి 20. మెత్తటి ఇసుక 15 నుంచి 18. జిమ్నీ తేలిక కాబట్టి వీటిలో రెండు మూడు తగ్గించవచ్చు. మామూలు రిమ్ముతో 14 కిందికి దిగొద్దు. మలుపులో టైరు రిమ్ము నుంచి ఊడి వస్తుంది, అడవిలో దాన్ని మళ్లీ కూర్చోబెట్టడం పెద్ద తంటా.

టైరు చల్లగా ఉన్నప్పుడు గాలి కొలవండి, నడిచాక మూడు నాలుగు పీఎస్ఐ ఎక్కువ చూపిస్తుంది. 20 దగ్గర ఉన్నప్పుడు గంటకు 30 కి.మీ. దాటొద్దు, స్టీరింగు కుదుపుగా తిప్పొద్దు. తారు ఎక్కేముందు తప్పకుండా మళ్లీ నింపాలి, లేకపోతే పక్క గోడ మడతలు పడి వేడెక్కి పేలుతుంది. ఇందుకే కంప్రెసర్. నిమిషానికి 70 లీటర్లు, అంతకు మించి ఇచ్చేది, బ్యాటరీకి నేరుగా క్లిప్పులతో తగిలించేది తీసుకోండి. సిగరెట్ లైటర్ సాకెట్‌కు పెట్టే చిన్నవి ఇంత పెద్ద టైరు మీద ఫ్యూజు కొట్టేస్తాయి, లేదా రెండో టైరుకే వేడెక్కి ఆగిపోతాయి. నింపేటప్పుడు ఇంజన్ నడుస్తూ ఉండాలి.

లాగడం దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే ఈ వ్యాపకంలో ప్రాణాలు పోయేది ఎక్కువగా ఇక్కడే. బండి కింద కనపడే ప్రతి కొక్కెమూ లాగడానికి కాదు. కొన్ని లారీ మీద, ఓడ మీద కట్టడానికి ఇచ్చినవి. కుదుపు తగిలితే ఊడి తుపాకీ గుండులా వస్తాయి. ట్రైలర్ తగిలించే గుండ్రటి బంతికి తాడు ఎప్పుడూ వేయొద్దు, అది విరిగి మనుషులు చనిపోయిన సంఘటనలు ప్రపంచమంతటా ఉన్నాయి. చాసిస్‌కు కంపెనీ బోల్టులతో బిగించిన టో హుక్, లేదా చాసిస్‌కే బిగించే, ఎంత బలం తట్టుకోగలదో లెక్కకట్టిన రికవరీ పాయింట్ కావాలి, ముందొకటి వెనకొకటి తప్పనిసరి.

సాగే నైలాన్ తాడు, అంటే కైనెటిక్ రోప్, 8 నుంచి 9 మీటర్లది. తెగే బలం బండి నిండు బరువుకు (మనుషులు, సామానుతో కలిపి) రెండు నుంచి మూడు రెట్లు: జిమ్నీకి 5 టన్నులు, థార్‌కూ రాక్స్‌కూ 8 టన్నుల దాకా. మరీ మందమైనది కొంటే తేలికైన బండితో సాగదు, కుదుపంతా చాసిస్‌కు పోతుంది. వాటితో పాటు 4.75 టన్నుల పని బరువు ముద్ర ఉన్న విల్లు ఆకారపు షాకిల్స్ (తాడును బండికి కలిపే ఇనుప కడియాలు) రెండు, లేదా అంతకన్నా మంచిది, తాడుతో అల్లిన మెత్తటి షాకిల్స్. ముద్ర లేని హార్డ్‌వేర్ షాపు షాకిల్ వద్దు. పిన్ను చేత్తో బిగించి పావు చుట్టు వెనక్కి తిప్పండి, లేకపోతే లాగాక రాదు.

పని వరుస ఇది. ముందు గాలి తగ్గించి, చక్రాల ముందూ వెనకా పారతో తవ్వి, పొట్ట కింద మట్టి తీసేయండి. సగం బండ్లు ఇక్కడికే వచ్చేస్తాయి. రాకపోతే చక్రాల కింద ట్రాక్షన్ బోర్డులు (చక్రానికి పట్టు ఇచ్చే గరుకు పలకలు) పెట్టి, బండి ఎటు వచ్చిందో అటే వెనక్కి తీయండి. అప్పుడూ రాకపోతే తాడు. రెండు బండ్లలో ఒక్కో డ్రైవర్ తప్ప ఎవరూ ఉండకూడదు, మిగతావాళ్లు తాడు పొడవుకు ఒకటిన్నర రెట్లు దూరంగా, పక్కకు నిలబడాలి. లాగే బండి తాడులో ఒకటి రెండు మీటర్ల వదులు ఉంచి 4ఎల్ రెండో గేరులో నెమ్మదిగా బయల్దేరాలి. దిగబడిన బండి డ్రైవర్ కూడా అదే సమయంలో గేరులో మెల్లగా సాయపడాలి. మొదటిసారి బలహీనంగా, రెండోసారి కాస్త ఎక్కువ. మూడుసార్లకూ కదలకపోతే ఆపి మళ్లీ తవ్వండి, వేగం పెంచొద్దు.

మన ఊళ్లలో చివరికి వచ్చేది ట్రాక్టరే. దానితో వచ్చే ఇనుప గొలుసు, స్టీలు తాడు సాగవు. ట్రాక్టర్ అన్నకు ముందే చెప్పండి: "జర్క్ ఇవ్వొద్దన్నా, ముందు తాడు బిగించి, అప్పుడు మెల్లగా లాగు." తాడు మీద తడి గోనెసంచి గానీ బరువైన దుప్పటి గానీ వేయండి, తెగితే ఎగిరే వేగం తగ్గుతుంది. కొక్కేన్ని యాక్సిల్‌కో సస్పెన్షన్ కడ్డీకో తగిలించబోతే ఆపండి, వంగిన కడ్డీతో ఇంటికి నడిపి రావడం కుదరదు.

వించ్ ఒంటరిగా తిరిగేవారికి నిజంగా పనికొస్తుంది. మీరు మరో బండితో కలిసి వెళ్తే మొదటి ఏడాది అక్కర్లేదు. కొంటే నిండు బరువుకు కనీసం ఒకటిన్నర రెట్లు. థార్‌కు సాధారణంగా 9,500 పౌండ్లది, అంటే 4,300 కిలోలు. ఆ అంకె డ్రమ్ము మీద మొదటి పొర తాడుకే వర్తిస్తుంది, పొర పెరిగేకొద్దీ లాగే బలం తగ్గుతుంది. కాబట్టి తాడు బాగా బయటికి తీసి లాగాలి, డ్రమ్ము మీద కనీసం ఐదారు చుట్లు మిగలాలి. చెట్టుకు నేరుగా తాడు చుట్టొద్దు, వెడల్పాటి పట్టీ వేయండి. పూర్తి బలంతో లాగేటప్పుడు వించ్ 300 నుంచి 400 ఆంపియర్లు తాగుతుంది, కాసేపు లాగి కాసేపు ఆపాలి, ఇంజన్ నడుస్తూ ఉండాలి. ముందు యాక్సిల్ మీద 30, 40 కిలోలు అదనంగా పడతాయన్నదీ లెక్కలో పెట్టుకోండి.

రాళ్ల గుట్టల మీద లిఫ్ట్ కన్నా ఎక్కువ పనికొచ్చేది బండి కింద ఇనుప పలక. ఇంజన్ ఆయిల్ పాన్, ట్రాన్స్‌ఫర్ కేసు, ఇంధన ట్యాంకు, ఈ మూడింటినీ కప్పేది 3 మి.మీ. పైన ఉక్కుతో వేయించండి, ఆయిల్ మార్చే రంధ్రం వదలమనండి. అందంగా ఉండే సైడ్ స్టెప్పులు మొదటి రాయికే వంగి తలుపును పట్టేస్తాయి. అవి తీసేసి చాసిస్‌కు బిగించే రాక్ స్లయిడర్లు (తలుపుల కింద గట్టి ఇనుప గొట్టాలు) పెడితే బండి వాటి మీద జారి దాటుతుంది.

లిఫ్ట్ ఎందుకు చివర్లో అంటే, థార్‌లో ముందు సస్పెన్షన్ ఇండిపెండెంట్. బండి ఎత్తితే చక్రానికి శక్తి తీసుకెళ్లే యాక్సిల్ కోణం పెరిగి రబ్బరు బూటు చిరుగుతుంది, గ్రీజు పోయి కీలు అరుగుతుంది, అలైన్‌మెంట్ చెదురుతుంది, వారంటీ మీద వాదన మొదలవుతుంది. పక్కకు వాలే దారిలో బోల్తా ప్రమాదం కూడా పెరుగుతుంది. వెనక యాక్సిల్ కింది భాగం మాత్రం ఒక్క మిల్లీమీటరు కూడా లేవదు, దాన్ని లేపేది టైరు ఒక్కటే.

స్నార్కెల్ ఇంజన్ పీల్చే గాలిని పైనుంచి తెస్తుంది, అంతే. వైరింగు, క్లచ్, యాక్సిల్ ఊపిరి గొట్టాలు (లోపలి గాలి బయటికి పోయే సన్నటి గొట్టాలు) ఎక్కడివక్కడే ఉంటాయి. థార్‌కు కంపెనీ చెప్పే లోతు 650 మి.మీ., అది నిలకడ నీటికి. వాగుల విషయంలో అసలు భయం లోతు కాదు, వేగం. పరుగెత్తే నీరు 30 సెం.మీ. ఉంటేనే చాలా కార్లు తేలతాయి, 60 సెం.మీ. ఉంటే ఎస్‌యూవీలూ కొట్టుకుపోతాయి. లోలెవెల్ కాజ్‌వే మీద ఎర్రనీరు పారుతుంటే ఏ బండితోనూ దిగొద్దు, కింద రోడ్డు ఉందో లేదో కూడా తెలియదు. నిలకడ నీటిలో ముందు కర్రతో నడిచి చూడండి, మోకాలు దాటితే మరోసారి ఆలోచించండి, జిమ్నీలో అయితే అంతకన్నా ముందే ఆగండి. 4ఎల్ మొదటి గేరులో మనిషి నడిచే వేగంతో, గేరు మార్చకుండా దాటాలి. ఇంజన్ నీళ్లలో ఆగిపోతే మళ్లీ స్టార్ట్ చేయకండి. సిలిండర్లో నీరు గాలిలా కుదించుకోదు, పిస్టన్‌ను తోసే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. బయటికి లాగించి, పెట్రోల్ అయితే స్పార్క్ ప్లగ్గులు తీసి నీరు వెళ్లగొట్టించాలి, డీజిల్ అయితే మెకానిక్ వచ్చేదాకా కదపొద్దు. మామూలు బీమా పాలసీ ఈ నష్టానికి సాధారణంగా డబ్బు ఇవ్వదు, ఇంజన్ రక్షణ యాడ్-ఆన్ బండి కొన్నప్పుడే తీసుకోండి.

లైట్‌బార్ పొగమంచులో, దుమ్ములో కళ్ల ముందు తెల్లటి గోడ కడుతుంది. లంబసింగి మంచులో పనికొచ్చేది కింద బంపర్ దగ్గరుండే పసుపు ఫాగ్ లైట్లు. పైగా చట్టం ఉంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ నిర్దేశాలు మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు అదే మాట గట్టిగా చెప్పింది. 182ఏ సెక్షన్ కింద ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. బుల్‌బార్లను ఆపమని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు రాసింది. అవి ఎయిర్‌బ్యాగ్ సెన్సార్ల దారికి అడ్డొస్తాయి, ఢీకొన్న పాదచారికి గాయం పెంచుతాయి. ఊడదీయగల సామాను, అంటే కంప్రెసర్, తాడు, బోర్డులు, పార, వీటికి ఈ చిక్కు లేదు, అదీ నేను వాటిని ముందు పెట్టడానికి ఒక కారణం.

దారి ఎవరిదన్నదీ చూసుకోవాలి. రిజర్వు అడవిలోకి అటవీ శాఖ అనుమతి లేకుండా బండి తోలడం నేరం. సముద్రపు ఇసుకలో ఆడుకోవాలన్న కోరిక మానుకోండి. మన కోస్తా తీరంలో జనవరి నుంచి వేసవి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి, చక్రం కింద గూడు నలిగినా పైకి తెలియదు.

నేలల గురించి రెండు మాటలు. ఎర్రమట్టి తడిసినా కింద గరప ఉంటుంది, గాలి తగ్గిస్తే నడుస్తుంది. నల్లరేగడి అలా కాదు, టైరు గాళ్లన్నీ మెత్తి చక్రం నున్నటి గుండులా మారుతుంది, మడ్ టైరుకూ అదే గతి. పైన ఎండి పెచ్చులు కట్టినా కింద అడుసే, మడమతో గట్టిగా తొక్కి చూడండి, దిగబడితే ఆ రోజుకు వెనక్కి తిరగండి. ఒక రోజు ఎండ కాస్తే అదే దారి రాయిలా ఉంటుంది. ట్రాక్టర్ గాళ్లు పడ్డ దారిలో గాళ్లలో దిగొద్దు, మధ్య గట్టుకు డిఫరెన్షియల్ తగిలి చక్రాలు వేలాడతాయి. ఒక చక్రం మధ్య గట్టు మీద, రెండోది బయటి అంచు మీద పెట్టి పోనివ్వండి.

తిరిగి వచ్చాక పని మిగిలే ఉంటుంది. ఆ రాత్రే కింది భాగం నీళ్లతో కడిగించండి, బ్రేకు డిస్కుల వెనక, రేడియేటర్ రెక్కల్లో మట్టి ఎండితే గట్టిపడుతుంది. నీళ్లలో దిగి ఉంటే మర్నాడు రెండు డిఫరెన్షియల్స్, ట్రాన్స్‌ఫర్ కేసు ఆయిల్ ప్లగ్గులు తెరిచి చూపించండి. పాలు కలిసినట్టు తెల్లగా ఉంటే నీరు చేరింది, వెంటనే మార్చాలి, ఊపిరి గొట్టం ఎక్కడ ఊడిందో వెతకాలి. ప్రొపెల్లర్ షాఫ్టుకు గ్రీజు నిపుల్స్ ఉంటే పాత గ్రీజు బయటికి వచ్చేదాకా కొత్తది కొట్టించండి. ఎర్రదుమ్ములో మరో బండి వెనక నడిచి ఉంటే ఎయిర్ ఫిల్టర్ తీసి చూడండి. చక్రం ఏదైనా విప్పి బిగించి ఉంటే 50 నుంచి 100 కి.మీ. తర్వాత నట్లు మళ్లీ టార్క్ రెంచితో సరిచూసుకోవాలి. తాడును మంచినీళ్లలో నానబెట్టి ఇసుక వదిలించి నీడలో ఆరేయండి. పోగు ఎక్కడైనా తెగినట్టుంటే ఆ తాడును ముక్కలుగా కోసి పారేయండి, మరొకరు తీసి వాడకుండా.